మంద నిలిచిన చోట ఇంగ్లీషు పాఠం

మా ఇంగ్లీషు సారు గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. కొత్త మాట బోర్డు మీద రాసి, దానికి తెలుగు అర్థం చెప్పనిచ్చేవాడు కాదు. "అర్థం నాకు తెలుసు. దాన్ని మీరు ఎక్కడ చూశారో చెప్పండి" అనేవాడు. పులివెందుల హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న మాకు ఆ పద్ధతి మొదట నవ్వు తెప్పించింది, తర్వాత అలవాటైంది. లైట్‌హౌస్ అన్న మాట వచ్చిన రోజు మాలో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "ప్రొద్దుటూరికి బస్సులో పోతాంటే కలమల్ల కాడ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం మీద ఎర్రలైటు కనపడతాది సార్. అట్లాంటిదేనా?" అంది. సారు, "దాన్ని చూసి ఎక్కడికొచ్చామో తెలుసుకుంటారు కదా? అయితే అలాంటిదే" అన్నాడు.

కొన్ని మాటలకు ఆయన బోర్డు దగ్గరికి పోనక్కర్లేదు. బెయిలు, సెక్షన్, విట్‌నెస్, సరెండర్ మాకు ముందే వచ్చు. అవి ఫ్యాక్షన్ బాగా నడుస్తున్న ఏళ్ళు. తరగతిలో సగం మంది ఇళ్ళలో ఎవరో ఒకరు కోర్టు పని మీద జమ్మలమడుగు పోయి వస్తూనే ఉండేవారు. ఒకసారి ఫర్‌గివ్ అని రాసి, ఎక్కడ చూశారని అడిగాడు. చివరికి ఒకడు, "రాజీ సార్" అన్నాడు. సారు నవ్వాడు గాని, వెంటనే నవ్వు ఆపేశాడు. "రాజీకి ఇద్దరు కావాలి, ఇద్దరికీ లాయర్లు కావాలి. దీనికి ఒక్కడు చాలు" అన్నాడు.

నేను ఆ తరగతిలో ముందుండేదాన్ని. ఆ గొప్పంతా సారుది కాదు. బడి వదిలాక మా ఊరి బస్సు రావడానికి చాలాసేపు పట్టేది. బస్టాండుకు దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఉండేది. అందులో రెండు బల్లలు. ఒక పార్టీవాళ్ళు ఒక బల్ల మీద ఒక పేపరు, రెండో పార్టీవాళ్ళు రెండో బల్ల మీద ఇంకో పేపరు చదివేవాళ్ళు. నేను కిటికీ పక్క నేల మీద కూర్చుని అట్ట ఊడిపోయిన డిక్షనరీ చదివేదాన్ని. "అది కతల పుస్తకం కాదు పాపా, మొదట్నుంచి సదవడానికి" అని లైబ్రేరియన్ నవ్వేవాడు. నేను మాత్రం మొదటి నుంచే చదివాను. ఒక మాట అర్థంలో ఇంకో మాట ఉంటుంది, దాని కోసం పేజీలు తిప్పితే మరొకటి ఎదురొస్తుంది. మా ఇళ్ళలో ఎవరికీ తెలియని దారిని నా అంతట నేను కనుక్కున్నానని గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఆ గర్వం పోలేదు.

లైట్‌హౌస్ పాఠం ఒక కథ. సముద్రం ఒడ్డున దీపం కాపలా ఉండే ముసలివాడు, పాఠంలో కీపర్ అంటారు. అతని పొలాన్ని మోసం చేసి లాక్కున్నవాడొకడు. ఒక సాయంత్రం తుఫాను ముంచుకొస్తుంది. దూరంగా ఆ మోసగాడి పడవ వస్తూ ఉంటుంది. ముసలివాడు అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని నిలబడతాడు. సారు అక్కడ పుస్తకం మూసి, "వెలిగిస్తాడా?" అని అడిగితే, సగం తరగతి "ఎలిగియ్యడు సార్!" అని ఒకే గొంతుతో అరిచింది. శుక్రవారం ఆ కథను చివరిదాకా సొంత ఇంగ్లీషులో చెప్పే వంతు నాకు వచ్చింది. తడబడకుండా చెప్పాను. ఆ సంగతి బస్సులో పిల్లల నోట మా ఊరికి చేరింది. చిక్కు అక్కడే మొదలైంది.

మాది గొర్రెల ఇల్లు. ఊళ్ళో రెండు పార్టీలు, రెండిటికీ పొలాలు. పంట కోసిన చేలల్లో రాత్రిపూట ఎరువు కోసం మంద నిలపమని రెండు పక్షాలవాళ్ళూ మా నాయనను పిలిచేవారు. ఊరి పక్క వాగును మేము వంక అంటాం; ఈ వారం దానికి ఇవతల వీళ్ళ చేను, పై వారం వంక అవతల వాళ్ళ చేను. వంతు తప్పకుండా తోలినన్నాళ్ళే మాకు తిండి. ఒక ఇంటికి కాస్త ఎక్కువ తిరిగితే చాలు, రెండో పక్క చేలు మాకు మూసుకుపోతాయి.

అలాంటి రోజుల్లో వంక ఇవతలి పార్టీ పెద్దాయన మా నాయనను పిలిపించాడు. నేనూ వెంట పోయాను.

"నీ కూతురు ఇంగ్లీషు కతలు బాగా చెప్తాదంట గదప్పా" అన్నాడు పెద్దాయన.

"చిన్నపిల్లప్పా. దానికేం తెలుసు" అన్నాడు మా నాయన.

"మా మనవడు ఊళ్ళో గొడవైనప్పట్నుంచి బడికి పోల్యా. బయటికి పంపాలంటే బయం. వచ్చే ఏడు టెన్తు. పాపను దినామూ సాయంత్రం మా ఇంటికి పంపు. నాలుగు ముక్కలు చెప్పి వస్తాది."

మా నాయన "చూస్తాం లేప్పా" అని బయటికి నడిచాడు. ఇల్లు చేరాక పంచె కొంగుతో ముఖం తుడుచుకుని, "రేపట్నుంచి బడి మాను పాపా" అన్నాడు. "ఇంగ్లీషు రానిదాన్ని ఎవురూ పిలవరు."

"ఏందయ్యా నీ తెలివి!" అంది మా అమ్మ. "వచ్చిన ఇంగ్లీషు యాడికి పోతాది? గొర్రె బొచ్చా, కత్తిరించేదానికి?"

"నవ్వులాట గాదు. ఆ ఇంట్లో అది దినామూ అడుగు పెడితే మనం వాళ్ళ మనుషులమే. వంక అవతలికి మంద తోల్నిస్తారా?"

మరుసటి రోజు నేను బడికి పోలేదు, ఆ మరుసటి రోజూ పోలేదు. పుస్తకాల సంచి కొయ్యకు వేలాడుతూ ఉంటే, దాని వైపు చూడకుండా గొర్రెపిల్లలకు ఆకు వేశాను. బస్సు హారను వినపడినప్పుడు మాత్రం చేతులు ఆగిపోయేవి.

ఆ వారం మంద పెద్దాయన చేలోనే నిలిచింది. సాయంత్రం నాయనకు సంగటి తీసుకుపోతే, ఆయన గిన్నె అందుకుని నా ముఖంలోకి చూశాడు. "దినామూ నువ్వు ఈడికి సంగటి తెస్తాండావు గదా," అన్నాడు, "దీనికి ఎవురన్నా ఏమన్నా అంటాండారా?" ఎవరూ ఏమీ అనడం లేదని చెప్పాను. నాయన సంగటి తిని, చేయి కడుక్కుని, నేరుగా పెద్దాయన దగ్గరికి నడిచాడు.

"ఆడపిల్ల, ఇంటికి పంపేది బాగుండదప్పా. మంద యాడ నిలిస్తే పాప ఆడికి సంగటి తెస్తాది. మీ చేన్లో ఉన్నన్నాళ్ళు మీ వానికి చెప్తాది. ఆ పక్క చేన్లో ఉన్నప్పుడు ఆళ్ళ పిల్లోల్లు అడిగితే ఆళ్ళకూ చెప్తాది. గొర్రెలకు పార్టీ లేదు గదప్పా."

పెద్దాయన మీసాల చాటున నవ్వాడు. "శానా తెలివైనోడివే" అన్నాడు. నేను మళ్ళీ బస్సెక్కాను.

మనవడు ఒంటరిగా రాలేడు కాబట్టి పెద్దాయనా వచ్చేవాడు. కాపలాకు ఇద్దరు మనుషులు వచ్చేవారు. గట్టు మీద మంచం వేసుకుని అందరూ వినేవారు. సారు పద్ధతే నా పద్ధతి. "కీపర్ని యాడ చూసినావు?" అని అడిగితే, ఆ పిల్లవాడు మా నాయనను చూపించాడు. నాయన సిగ్గుపడి గొర్రెల్లోకి పోయాడు. అగ్గిపెట్టె దగ్గరికి వచ్చేసరికి కాపలా మనిషి ఊరుకోలేకపోయాడు.

"ఎలిగియ్యడు. నేనైతే సచ్చినా ఎలిగియ్యను."

"ఉద్యోగం పోతాది గదా మామా" అన్నాడు పిల్లవాడు.

"పోతే పోనీరా. పొలమే పోయినోనికి ఉద్యోగం ఒక లెక్కా?"

ఆ వాదం తెగకముందే చీకటి పడింది. మరునాడు మంద వంక దాటింది.

అవతల నా దగ్గరికి అక్కాచెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. వాళ్ళ నాయన కండిషన్ బెయిలు మీద ప్రొద్దుటూరులో ఉంటున్నాడు, ఊళ్ళోకి రాకూడదు. వాళ్ళకు కథ మొదటి నుంచి చెప్పాను. చిన్నది అడిగింది: "ఆ పడవలో ఆడోల్లు, పిల్లోల్లు గూడా ఉండారా అక్కా?"

"పాఠంలో లేదు."

"మీ సారును అడగాల్సింది గదా!"

అడిగాను. సారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ఇన్నేళ్ళలో ఈ పాఠం మీద నన్నెవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు" అన్నాడు. నా ప్రశ్న కాదని చెప్పేశాను. డిక్షనరీ మొదటి నుంచి చదివినదాన్ని, నాకు తట్టలేదేమని కొంచెం ఉడుక్కున్నాను కూడా.

వారం గడవకముందే ఆ కాపలా మనిషి మోటారు సైకిలు మీద వంక అవతలి చేని గట్టు దాకా వచ్చాడు. మా నాయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మంద మా చేనికి తోలమంటాండాడు పెద్దాయన."

"మొన్ననే గదప్పా పోయొచ్చింది. ఎరువు సాల్లేదా?"

"ఎరువు ఎవునికి కావల్లప్పా! ఆ ముసిలోడు దీపం ఎలిగిచ్చినాడా ల్యాదా? ఇంట్లో అందరూ అదే మాట. అన్నం గూడా సరిగ్గా తిననీయరు."

నాయన కర్ర కిందికి దించాడు గాని, మాట దించలేదు. "వంతు తప్పితే నేను బతకలేనప్పా. పెద్దాయనకు దండం పెట్టినానని చెప్పు. మంద వచ్చినప్పుడే కత వస్తాది." ఆ మనిషి నా వైపు తిరిగి, "నా ఒక్కని చెవిలో చెప్పు పాపా" అన్నాడు. నాయన తల అడ్డంగా ఊపాడు. నేను చెప్పలేదు.

వంతు వచ్చేదాకా పెద్దాయన ఆగాడు. మంద ఆయన చేలో దిగిన సాయంత్రం మంచం ముందే వేసి ఉంది. వెలిగించాడని చెప్పాను. పడవ ఒడ్డుకు చేరిందని, ముసలివాడు కిందికి దిగి రాలేదని, పైన దీపం దగ్గరే ఉండిపోయాడని చెప్పాను. పెద్దాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"జీతం తింటాండాడు గదా, ఎలిగిచ్చినాడు లే" అన్నాడు. మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని, "దిగి రాలేదు సూడు, అది నచ్చింది" అన్నాడు. నా వైపు తిరిగి, "తర్వాత పాఠం ఏంది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా మా నాయన అందుకున్నాడు. "బడిలో ఇంగా చెప్పలేదంటప్పా. పాప దినామూ బడికి పోతేనే వచ్చేది. టెన్తు దాటినాక పెద్ద పాఠాలు ఉంటాయంట, కాలేజీలో."

కాలేజీ మాట మా నాయన నోట వినడం అదే మొదలు. పెద్దాయన ఆయన్ని ఎగాదిగా చూసి, "అయితే పంపు, ఎవురొద్దన్యారు?" అన్నాడు. మరునాడు పొద్దున నాయన నా సంచి తానే మోసుకుని బస్సు ఆగే చోటికి నాకంటే ముందు నడిచాడు.