దర్జీ బల్ల, యూసుఫ్ ఉస్తాద్

నిన్న ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు కామారెడ్డి బస్టాండు దగ్గరి సందులో ఒక యంత్రం నా మనవరాలి పేరును చెక్క మీద రాసింది. పెన్సిళ్లు పెట్టుకునే చిన్న పెట్టె అది. దుకాణం నడిపే ఆమె కంప్యూటర్లో పేరు కొట్టి యంత్రం మూత దించింది. లోపల సన్నని వెలుగు అటూ ఇటూ కదిలింది. చాయ్ తాగేలోపు పని అయిపోయింది. అక్షరాల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ మూత ఎత్తగానే కాలిన చెక్క వాసన వచ్చింది, నేను అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. యూసుఫ్ ఉస్తాద్ దుకాణంలో ఆ వాసన రోజూ సాయంత్రం వచ్చేది. పగలంతా ఉలితో చెక్కిన పేర్లలో ఆయన కాల్చిన ఇనుప పుల్లను నెమ్మదిగా తిప్పి అక్షరాలను నల్లబరిచేవాడు.

ఎనభైల మొదట్లో నేను ఆయన దగ్గర చేరాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదువుతున్నాను. ఆయన ఇళ్లకు పేరు పలకలు, దుకాణాలకు బోర్డులు చెక్కేవాడు. ఉర్దూ తప్ప మరేదీ చదవలేడు. "నీ చేతిరాత మంచిగుంటదట గదా నర్సింలూ. నువ్వు రాయి, నేను చెక్కుత" అన్నాడు. మొదటి రోజు నేను పెన్సిలుతో గీసిన పేరును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూశాడు. "గీ సున్నకు కడుపునొప్పి లేచినట్టున్నది. ఒక దిక్కు వంగింది" అన్నాడు. నిజంగానే వంగింది. తెలుగు చదవరానివాడికి ఎలా కనబడిందని అడిగాను. "నువ్వు చదువుతవ్, గందుకే చూడవు. నాకు చదవరాదు, చూసుడొక్కటే నా పని" అన్నాడు. అంతవరకు నేను చదివిన పుస్తకాల్లో నాకు ఆ మాట దొరకలేదు.

ఆయన ఎవరినీ నొప్పించకుండా నవ్వించేవాడు. రామారెడ్డి అనే ఊరి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి జానెడు పలక మీద తన పేరు, తండ్రి పేరు, తాను చేసిన పదవులు అన్నీ చెక్కమన్నాడు. ఉస్తాద్ పలకను ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. "పేరు నేను చెక్కుత పటేలా. మిగిలినయి వచ్చినోళ్లకు నువ్వే చెప్పుకో. ఇంట్ల కూసొని చేసేది మాటలే గదా" అన్నాడు. ఆ పెద్దమనిషి అందరికంటే ఎక్కువ నవ్వాడు.

అప్పట్లో చాలామంది చెక్కను తామే తెచ్చేవారు. పాత ఇల్లు విప్పితే తలుపు రెక్క, విరిగిన ఉయ్యాల పట్టె, నాగలి దూలం. కొత్త గోడకు పాత ఇంటిది ఏదో ఒకటి ఉండాలని వాళ్ల కోరిక. గంగామణి కూడా అలాగే వచ్చింది. ఎల్లారెడ్డిలో ఆమె భర్త దర్జీ. ఆయన చనిపోయి నాలుగు నెలలైంది. బట్ట కోసే బల్లకు కాళ్లు ఊడదీసి, పై చెక్కను బస్సు మీద వేసుకుని తెచ్చింది. కుట్టుమిషను అమ్మేస్తుందట, దుకాణం మూసేస్తుందట. ఆయన పేరు ఈ చెక్క మీద చెక్కిస్తే ఇంట్లో పెట్టుకుంటానందట. ఆ రోజు నేను ఒక బోర్డు అప్పగించడానికి దోమకొండ వెళ్లాను. ఆమె ఉస్తాద్‌తో చెప్పినదేదీ నేను స్వయంగా వినలేదు.

శుక్రవారం నమాజుకు బయలుదేరుతూ ఉస్తాద్ ఆ చెక్క చూపించి "తయారు చేసిపెట్టు" అన్నాడు. చెక్క నిండా కత్తెర గీతలు. అంచు పొడుగునా బ్లేడుతో గీసిన అంగుళాల గుర్తులు. నేను రందా తీసుకుని చిత్రిక పట్టాను. మంచి టేకు. రెండు గంటల్లో అద్దంలా తేలింది. ఉస్తాద్‌కు చూపించాలని తుడిచి గోడకు ఆనించి పెట్టాను.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "అరే నర్సింలూ, గీతలేవిరా?"

"సాపు చేసిన ఉస్తాద్."

ఆయన నన్ను తిట్టలేదు. కింద కూర్చుని పొట్టును వేళ్లతో వెదికాడు. చుట్టుకుపోయిన ఒక పొర మీద అంగుళాల గుర్తులు మూడు మిగిలి ఉన్నాయి. గీతలు పోనివ్వద్దని గంగామణి రెండుసార్లు చెప్పి వెళ్లిందని అప్పుడు చెప్పాడు. "కత్తెరతోని నాలుగు గీతలు గీస్త ఉస్తాద్. ఆమెకేం తెలుస్తది?" అన్నాను.

"ఆయన చెయ్యి పడ్డ గీత నువ్వెట్ల గీస్తవు?" అని, దొరికిన పొట్టును కాగితంలో చుట్టాడు.

మర్నాడు ఇద్దరం ఎల్లారెడ్డి బస్సెక్కాము. గంగామణి వాకిట్లో చేట ముందు పెట్టుకుని బీడీలు చేస్తోంది. చెక్కను చూడగానే లేచి వచ్చింది. అంచు వెంబడి అరచేయి పోనిచ్చింది. ఒక చివరి నుంచి రెండో చివరికి, మళ్లీ వెనక్కి.

"గిది ఆయన బల్ల కాదు సాబ్."

"కాదు బిడ్డా. మేమే లేకుంట చేసినం. నువ్వు చెప్పినవ్, నేను గీయనకు చెప్పలే. తప్పు నాది." కాగితం పొట్లం విప్పి చూపించాడు.

"గీ పొట్టు నేనేం చేసుకోను? పొయ్యిల పెట్టుకోనా?" అంది. నేను తల ఎత్తలేదు. ఆమెకు భర్త చేతి గుర్తు అని మిగిలింది అదొక్కటే, దాన్ని నేను నా పనితనం చూపించుకోవడానికి తుడిచేశాను.

"గీతలు పోయినంక గిది వట్టి చెక్కనే. వట్టి చెక్కకు పేరెందుకు?" అంది గంగామణి. "కాళ్లు ఇంట్లనే ఉన్నయి. మళ్ల బిగించి పోండ్రి. మిషను అమ్మను. నేనే కోసుకుంట, నేనే కుట్టుకుంట. కాజాలు, గుండీలు ఇన్నేండ్లు నేను కుట్టలేదా?"

ఉస్తాద్ మోకాళ్ల మీద కూర్చుని కాళ్లు బిగించాడు. నేను చెక్క పట్టుకున్నాను. బల్ల కదలకుండా నిలబడిందో లేదో ఆమె రెండు చేతులతో ఊపి చూసుకుంది. క్షమించానని ఆమె అనలేదు. చాయ్ మాత్రం పోసింది. తిరుగు బస్సులో ఉస్తాద్ కిటికీ వైపు చూస్తూ "తిడితే బాగుండు" అన్నాడు.

ఆ తర్వాత ఎవరు చెక్క తెచ్చినా ముందు దాన్ని బల్ల మీద పెట్టి "దీంట్ల ఏది పోవద్దు?" అని అడిగేవాడు. వాళ్లు చూపించిన చోట సుద్దముక్కతో చుట్టూ గీసేవాడు. పసుపు మరక కావచ్చు, మేకు గుంత కావచ్చు. మా ఉలి ఆ గీత దాటేది కాదు. పిట్లం నుంచి వచ్చిన ఒక పలకలో పేరు సరిగ్గా నడుమ మేకు గుంత పడింది. నేను రెండు అక్షరాలను ఎడంగా జరిపి రాశాను. మా దుకాణంలో నేను రాసిన పేర్లన్నిటిలో బాగా కుదిరింది అదే.

ఆరేళ్లకు నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఉస్తాద్ తొంభైల చివర పోయాడు. మా అమ్మ పోయినప్పుడు ఆమె గదికి సున్నం వేయించబోతూ నేను తమ్ముళ్లను ఏది పోవద్దని అడిగాను. ఆమె తల ఆనించి కూర్చునేచోట గోడకు నూనె మరక ఉంది. చిన్నవాడు దాన్ని చూపించాడు. చుట్టూ సుద్దతో గీసి మిగిలిన గోడకు సున్నం వేయించాం.

పేరు చెక్కించుకోవడానికి ఇంటి చెక్కను ఇప్పుడెవరూ తీసుకురావడం లేదు. నిన్నటి దుకాణంలో ఆమె నన్ను ఏది పోవద్దని అడగాల్సిన పని పడలేదు.