మట్టం బాబాయి కోసిన అంచు

మా సంఘంలో నాకు మంచి పేరు లేదు. ఆధారం చూపించనిదే ఎవరి తాతనీ తాతగా ఒప్పుకోనని అందరికీ నామీద గుర్రు. ముప్పయ్యేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, ఏం చెయ్యను? ప్రతి ఆదివారం పొద్దున లైబ్రరీ మేడ మీద గదిలో పదకొండు మందిమి చేరతాం. మా అందరి పెద్దలూ గనుల ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళే. గని కూలిపోయి, ఆ ఊళ్ళు ఖాళీ అయి అరవై ఏళ్ళు దాటింది. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎటు చెదిరిపోయారో పాత రిజిస్టర్లు చూసి రాసుకోవడం మా పని. రిటైరైన కండక్టరు ఒకాయన తన ముత్తాత గని యజమానికి కుడిభుజమని రెండేళ్ళు కోతలు కోశాడు. తీరా గని జీతాల పుస్తకం చూస్తే దీపాల నూనె దొంగిలించి పని పోగొట్టుకున్నట్టు రాసుంది. పాపం, నాలుగు వారాలు మాకు మొహం చూపించలేదు.

అలాంటి మా మధ్యకి మట్టం బాబాయి వచ్చాడు. నాకు చుట్టం కాదు. మా వెనక వీధిలో యాభై ఏళ్ళు పుస్తకాలు బైండింగ్ చేసినవాడు. ఆయన ముందు ఏ కాగితాలు పెట్టినా రెండు చేతులతో ఎత్తి, బల్ల మీద టకటకా తట్టి, నాలుగు వైపులా సమానం చేస్తే తప్ప ఊరుకోడు. షాపులో తోటివాళ్ళు అందుకే ఆ పేరు పెట్టారు. దారం లాగి లాగి కుడి బొటనవేలు కాయ కట్టిపోయింది. వేల పుస్తకాలు కుట్టాడు గానీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. అడిగితే, "చదువుతూ కూర్చుంటే కుట్టేదెవరమ్మా?" అనేవాడు.

ఆయన వచ్చింది తన కోసం కాదు, పిన్ని కోసం. ఆయన భార్యని నేను పిన్ని అనే పిలుస్తాను. గని కూలినప్పుడు ఆవిడకి ఆరేళ్ళు, తమ్ముడికి ఏడాదిన్నర. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. దిక్కులేని పిల్లల్ని అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇచ్చేశారు. ఆవిడని ఒకరు తీసుకున్నారు, తమ్ముణ్ణి ఇంకెవరో తీసుకెళ్ళారు.

"గుమస్తా బల్ల నా గడ్డం దాకా వచ్చేది," అని పిన్ని నాతో చెప్పింది. "వాణ్ణి ఎవరికిచ్చారో పుట్టుక పుస్తకంలోనే, పక్కన ఎర్ర సిరాతో రాశాడు. నా కళ్ళతో చూశానమ్మా. చదువు రాదు కనక చదవలేకపోయాను."

ఆ పుట్టుక పుస్తకాలు మాత్రం అన్నేళ్ళూ ఆఫీసు బీరువాల్లో ఉండిపోయాయి. కిందటేడు రికార్డు గదికి మార్చి, అడిగినవాళ్ళకి చూపించడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే డాక్టరు పిన్ని రెండు నెలలకి మించి బతకదన్నాడు. ఆవిడ ఏడవలేదు. తమ్ముడు బతికున్నాడో లేదో తెలిస్తే చాలంది. ఒక్కసారి గొంతు వింటే చాలంది.

రికార్డు గదికి ఇద్దరం కలిసే వెళ్ళాం. గది నిండా ఇనప అరలు, పైన ఒకే ఒక్క ఫ్యాను. ఉద్యోగి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టగానే బాబాయి తెరవకుండానే దాని వీపు తడిమాడు. మొహం వెలిగిపోయింది.

"ఇది నా కుట్టేనమ్మా!" అన్నాడు. "ముప్పై ఎనిమిదేళ్ళయింది. వానాకాలంలో రెండొందల పుస్తకాలు ఒక్కసారిగా పంపారు. అంచులన్నీ చిరిగి చీలికలై ఉండేవి. చూడు, ఇప్పటికీ ఒక్క దారం తెగలేదు."

ఆ ఉద్యోగికి కూడా గర్వంగా చెప్పుకున్నాడు. నేను పేజీలు తిప్పాను. పిన్ని తమ్ముడి పుట్టుక దొరికింది. తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ అన్నీ సరిపోయాయి. పక్కన ఎర్ర సిరా ఉంది. మూడు వరసలు. ఒక్కో వరసలో ఒక్కటే అక్షరం. తర్వాత కాగితం లేదు.

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. ఆయనకి పట్టలేదు. పుస్తకం కుట్టాక మూడు వైపులా కటింగ్ మిషన్ కింద పెట్టి చివర్లు కోస్తారు. చిరిగిన అంచులు పోయి పుస్తకం కొత్తదానిలా అవుతుంది. అంచులు ఎంత చిరిగితే అంత లోపలికి కొయ్యాలి. బాబాయి ఆ కాయ కట్టిన వేలితో పేజీ చివర పైనించి కిందకి రాసి చూశాడు. నున్నగా ఉంది. నాకైతే ఆ క్షణంలో ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క పేజీ, ఒక్కటంటే ఒక్కటి, చదివి చావకూడదా అనిపించింది. ఆ తర్వాత ఆయన మొహం చూసి నన్ను నేనే తిట్టుకున్నాను.

లోపలికి మడత పడి కోతకి చిక్కని పేజీలు ఒకటీ అరా ఉన్నాయి. వాటిని బట్టి, పెంచుకున్నవాడి పేరు, వృత్తి, ఊరు అలా వరసగా రాస్తారని తేలింది. అంటే మూడో వరసలోది ఊరి పేరులో మొదటి అక్షరం. ఆ అక్షరంతో మొదలయ్యే ఊళ్ళు పటం ముందేసుకుని లెక్కపెడితే నలభై ఒకటి వచ్చాయి. బాబాయి మోకాళ్ళ నొప్పులతో బస్సులెక్కాడు. పొద్దున వెళ్ళడం, ఆ ఊరి పోస్టాఫీసు ముందూ, టీ కొట్ల దగ్గరా నిలబడి, "చిన్నప్పుడు గనుల నుంచి పెంపకానికి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని కనపడ్డవాళ్ళందరినీ అడగడం, సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగి రావడం. పిన్నికి మాత్రం, "ఇంకా వెతుకుతున్నారు, పుస్తకాలు బోలెడున్నాయి," అని చెప్పేవాడు. పదిహేడు ఊళ్ళు అయ్యాయి. రెండు నెలల్లో నెలా పది రోజులు గడిచిపోయాయి. పిన్ని మంచం దిగడం మానేసింది.

ఒక మధ్యాహ్నం బాబాయి మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చోకుండా గోడకి ఆనుకున్నాడు.

"ఏదో ఒక ఊరు రాసెయ్యమ్మా," అన్నాడు. "ఏదో ఒక పేరు. బాగున్నాడు, పిల్లలున్నారు అని రాసెయ్యి. నువ్వు రాస్తే నమ్ముతుంది."

"నావల్ల కాదు బాబాయ్. గొంతు వినాలంటే ఎవర్ని తెస్తావు? నువ్వు కోశావన్న మాట నువ్వే చెప్పెయ్యి. నువ్వు తెలిసి చేసింది కాదుగా. పిన్ని క్షమిస్తుంది."

"నేను కోశానంటే క్షమిస్తుంది. నాకు తెలుసు." "కోసిన ముక్కలేమయ్యాయని అడిగితే?"

"ఏమయ్యాయి?"

"గోనెసంచిలో కుక్కి ఇంటికి తెచ్చేవాణ్ణి. వానలకి కట్టెలు తడిసి పొయ్యి అంటుకునేది కాదు. ఎండు కాగితం కదా అని మీ పిన్ని ఎంత మురిసిపోయేదో. రోజూ పొద్దున గుప్పెడు తీసి..."

నేను మంచినీళ్ళు ఇచ్చాను. అవి తాగలేదు. చివరికి కోసిన సంగతి చెప్పాలనీ, పొయ్యి సంగతి చచ్చినా చెప్పకూడదనీ అనుకున్నాం. ఆధారం, ఆధారం అని అందరి ప్రాణాలూ తోడే నేనే ఆ అబద్ధానికి ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున పిన్ని దగ్గర కూర్చున్నాం. చిన్న గది. కిటికీ పక్కన మంచం, మందుల స్టూలు. ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకుంటే ఎముకలే తగిలాయి. బాబాయి నిలబడే చెప్పాడు, ఒక్క గుక్కలో.

"పుస్తకం దొరికిందే. రాసింది కూడా ఉంది. కానీ బైండింగ్ చేసినప్పుడు చివర్లు కోశారు. కోసింది నేనే. నాకు తెలీదే. ఒట్టు, నాకు తెలీదు."

పిన్ని కళ్ళు మూసుకుంది. "తెలిస్తే మీరెందుకు కోస్తారు?" అంది. "ఊరుకోండి. ఎప్పటి మాట?"

"ముప్పై ఎనిమిదేళ్ళు."

"వానాకాలం. రెండొందల పుస్తకాలొచ్చాయని షాపులోనే పడుకునేవారు. అప్పుడా?"

"అప్పుడే."

"మరి ఆ ముక్కలు?"

"కాగితం మిల్లు వాళ్ళు పట్టుకుపోయారు," అన్నాడు బాబాయి. మరీ త్వరగా అన్నాడు.

ఆవిడ కళ్ళు తెరిచింది. ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. "నువ్వు చెప్పమ్మా. నువ్వు లేనిది ఉన్నట్టు చెప్పవు. మిల్లుకే వెళ్ళాయా?"

"మిల్లుకే పిన్నీ," అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది. కోపంగా కాదు. నన్ను ఇంకా ఇబ్బంది పెట్టడం ఇష్టం లేనట్టు. బాబాయి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి, మంచం పట్టెకి తల ఆనించాడు. ఆవిడ ఆ తల మీద చెయ్యి వేసి కిటికీ వైపు తిరిగింది.

"ఆ ఏడు కట్టెలెంత తడిసినా మన పొయ్యి ఇట్టే అంటుకునేదండీ," అంది. "నేనే వెలిగించేదాన్ని."