మూడో కుప్ప

మా ఊళ్ళో నేను అంగన్‌వాడీ టీచర్ని. బత్తలపల్లె నుంచి ఆటోలో వచ్చేంత దూరం. పద్దెనిమిదేళ్ళుగా గోడకు ఒక పటం తగిలించి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకూ పసిపిల్లల తల్లులకూ ఏం తినాలో చెప్తున్నాను. రాగులు ఎముకలకు బలం, మునగాకు రక్తానికి మంచిది, కొర్రన్నం తింటే షుగరు ఒక్కసారిగా పెరగదు. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. చెనిక్కాయల దగ్గరికి, అంటే వేరుశెనగల దగ్గరికి, వచ్చేసరికి మాత్రం నా గొంతు పెద్దదయ్యేది. "బాదంపప్పు మనకేలమ్మా? మన చేన్లో పండేదాంట్లోనే అంత బలముండాది. దినామూ పిడికెడు తినండి" అనేదాన్ని. అవి ఎలాంటి గింజలో ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మా వైపు వాన సంగతి అందరికీ తెలిసిందే. గింజ పట్టే రోజుల్లో మొహం చాటేస్తుంది. చెట్లు పీకి చేన్లో ఆరేశాక, ఎవరు పిలిచారో గానీ, వచ్చి తడిపి పోతుంది. ఆ కాయలే ఇంటికి తెచ్చుకుంటాం. పొట్టు గట్టిగా ఉంటుందని ముందురోజు సాయంత్రం వాటి మీద మళ్ళీ మేమే నీళ్ళు చల్లి గోనెపట్టా కప్పుతాం. అలా చేస్తే మర్నాడు వేళ్ళు నొప్పి పుట్టకుండా ఒలవచ్చు.

ఒలిచాక చేటలో పోసి మూడు కుప్పలుగా ఏరతాం. నిగనిగలాడే దొడ్డ గింజలు వచ్చే పంటకారుకు విత్తనం. వాటికంటే కొంచెం తక్కువవి వ్యాపారికి. ముడుచుకున్నవీ, విరిగినవీ, నల్లబడినవీ, అక్కడక్కడ పచ్చటి బూజు పట్టినవీ మూడో కుప్ప. అది మా ఇంటికి. మా అమ్మ ఇంట్లోనూ ఇదే పద్ధతి, అత్త ఇంట్లోనూ ఇదే. విత్తనం కుప్పలోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకుంటే వీపు మీద పడేది. విత్తనం తినేవాళ్ళను మా ఊళ్ళో దొంగల కంటే తక్కువగా చూస్తారు.

మూడో కుప్పను నేను బాగా కడిగి, ఎండబెట్టి, మాడేదాకా వేయించేదాన్ని. ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో దంచితే ఊరిబిండి తయారు. రాగిసంకటిలోకి అది లేకపోతే మా ఆయనకు ముద్ద దిగదు. పొద్దున అదే, మధ్యాహ్నం చేన్లోకి అదే, రాత్రికి మిగిలితే అదే. కొంచెం చేదు తగిలితే బెల్లం ముక్క కలిపేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. ఒకసారి తల్లుల మీటింగులో ఆ గింజలతోనే ఉండలు చేసి చూపించాను కూడా. పారేసేదాన్ని బలం చేసుకోవడం ఎలాగో మా టీచరమ్మ దగ్గర నేర్చుకోవాలని అందరూ మెచ్చుకున్నారు.

పోయిన ఎండాకాలం మా ఆయనకు ఆకలి పోయింది. వేడి చేసిందనుకున్నాం. మజ్జిగ తాగాడు, సబ్జా నీళ్ళు తాగాడు. నడుము బట్ట వదులైంది, కుడివైపు డొక్క కింద ఏదో గట్టిగా చేతికి తగిలింది, కళ్ళు పచ్చబడ్డాయి. పసిరికలంటూ ఎవరో చెప్తే ఆకుమందు కోసం కదిరి దాకా పోయి వచ్చాం. చివరికి మా బిడ్డను పక్కింట్లో వదిలి అనంతపురం పోతే స్కానింగు తీశారు. కాలేయంలో గడ్డ. కోసి తీసే దశ దాటిపోయిందని డాక్టరు మెల్లగా చెప్పాడు. చిన్న వయసు డాక్టరే, ఓపిక ఉన్నవాడు.

"తాగుడు అలవాటుందా?" అని అడిగాడు.

"లేదు సార్. బీడీ గూడా ముట్టను" అన్నాడు మా ఆయన.

రక్తపరీక్షల కాగితాలు తిరగేసి, వాటిలోనూ వేరే కారణం కనిపించక, ఏం తింటారని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను ముందుకొచ్చి జవాబు చెప్పాను, పరీక్షలో తనకు తెలిసిన ప్రశ్నే పడ్డ పిల్లలాగా. రాగిసంకటి, ఆకుకూర, కొర్రలు, దినామూ చెనిక్కాయలు. డాక్టరు నావైపు తిరిగి, "చెనక్కాయలు ఎలాంటివమ్మా? అమ్మగా మిగిలినవా?" అన్నాడు. అవునన్నాను. ఆ పచ్చ బూజులో ఒక విషం ఉంటుందనీ, ఏళ్ళ తరబడి తింటే కాలేయాన్ని పాడు చేస్తుందనీ చెప్పాడు.

"బాగా కడిగి వేయిస్తాను సార్" అన్నాను.

"కడిగినా వేయించినా పూర్తిగా పోదమ్మా. అదే కారణమని నేను గట్టిగా చెప్పలేను. అయి ఉండొచ్చు."

అయి ఉండొచ్చు అన్న మాటను పట్టుకుని బతకడం చాలా కష్టం. అవునంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కాదంటే దేవుణ్ణి తిట్టుకునేదాన్ని. పద్దెనిమిదేళ్ళు నలుగురికీ తిండి గురించి పాఠాలు చెప్పి, కట్టుకున్నవాడికి నా చేత్తో నేను ఏం పెట్టానో నాకే తెలియకుండా పోయింది. బస్సులో వస్తూ నాకు నా మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. మా ఆయన మాత్రం కిటికీలోంచి చేలు చూస్తూ, "ఈ పక్క వాన పడినట్టుండాది, పదును బాగుండాది" అన్నాడు.

ఆ నెల మీటింగులో పటం తగిలించలేదు. బూజు గింజలు తినొద్దని, కాయలు తడిపి ఒలవొద్దని, నేను చేసి చూపించిన ఉండలు తప్పని చెప్పాను. కూలికి పోయే ఒకామె, చంకలో బిడ్డతో ఉన్నామె, లేచింది.

"మేము ఏరేదానికి పోతే రెడ్లు మాకు ఇచ్చేదే ఆ గింజలు గదా టీచరమ్మా. అవి పారేసి ఏం తినల్ల?"

సొంత చేలున్న ఇంకొకామె అందుకుంది. "మంచివి మేము తింటే అమ్మేదేమి, విత్తేదేమి? చెప్పు."

పటంలో దానికి జవాబు లేదు. మీటింగు అయ్యాక వాళ్ళు ఇళ్ళకు పోయి ఏం వండుకున్నారో నాకు తెలుసు.

మా ఆయనకు అన్నం సహించని రోజుల్లో ఒక పొద్దున, "ఊరిబిండి తినాలని ఉండాది" అన్నాడు. నేను గదిలోకి పోయి విత్తనాల మూట విప్పాను. రెండు దోసిళ్ళు తీసి, దోరగా వేయించి దంచి, మెత్తటి సంకటి మీద పెట్టి ఇచ్చాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు.

"ఇవి యాడివి?"

"మూడో కుప్పవే."

"నాకు తెలీదనుకుంటివా? మూట విప్పినావా?"

పళ్ళెం పక్కకు జరిపాడు. ఆ జబ్బుమనిషికి అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో.

"నేను పోయేవాణ్ణి. పోయేవాడికి విత్తనం పెడతారా ఎవరన్నా? చేను బీడు పడితే నువ్వు, బిడ్డ ఏం తింటారు?"

"ఒక్కసారన్నా మంచిది తిను" అన్నాను. బతిమాలాను, తిట్టాను, చివరికి ఏడ్చాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజంతా ఏమీ తినలేదు, నీళ్ళు కూడా నా చేత్తో తాగలేదు. మర్నాడూ అదే పట్టు. ఒళ్ళు ఎముకల గూడయింది, ఇంకొక పూట పస్తుంటే ఏమవుతుందో అని నాకు భయం పట్టుకుంది.

మధ్యాహ్నం మూడో కుప్ప దగ్గర కూర్చున్నాను. ఏరడానికి చూశాను, ఏరితే ఏమీ మిగలదు. వేయించి, దంచి, సంకటితో తెచ్చి పెట్టాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నావైపు చూసి తల ఊపాడు. నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండగా మొత్తం తిన్నాడు.