చేప మోటరుకు ఆయుధ పూజ

మా ఆయన బెంగుళూరు నుంచి బొటనవేలంత చేపను కవరులో పట్టుకొచ్చిన రోజే నా కాళ్ళకు సంకెళ్ళు పడ్డాయి. పఫర్ చేప అట. భయపడితే నీళ్ళు మింగి బంతిలా ఉబ్బుతుంది. ఉప్పునీళ్ళు లేకపోతే బతకదు. మేముండే మత్తిగిరిలో సముద్రం ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. తెచ్చింది ఆయన, చాకిరీ నాది.

తొట్టిలో నీళ్ళు ఆవిరైన కొద్దీ రోజూ అద్దం మీద గీసిన గీత దాకా మంచినీళ్ళు పోయాలి. లేదంటే ఉప్పు ఎక్కువై చేప చస్తుంది. దాని పళ్ళు ఆగకుండా పెరుగుతాయి, గుల్లలు కొరికితేనే అరుగుతాయి. అందుకని నత్తలు వెతికి తేవడం కూడా నా పనే. వేప్పనపల్లి మామిడితోటల్లో పెరిగినదాన్ని, చేపల బజారులో ముక్కు మూసుకుని నత్తలు బేరమాడాను. ఇరుగుపొరుగు వస్తే అద్దం మీద తట్టి, "ఒకసారి ఉబ్బించి చూపియ్యమ్మా" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఉబ్బడమంటే దానికి ప్రాణభయం, మీకు తమాషానా అని అడిగేశాను కూడా.

ఆ దసరాకు మా పుట్టింట్లో అక్క కూతురికి చెవులు కుట్టిస్తున్నారు. నన్ను రమ్మని అక్క పదిసార్లు ఫోన్ చేసింది. ఏడాదిగా పుట్టింటి గడప తొక్కలేదు. వేప్పనపల్లి ఏమన్నా దూరమా, బస్సెక్కితే పూటలో పోవచ్చు.

"రెండు దినాలు నువ్వు పోతే చేపను ఎవురు చూస్తారు?" అన్నాడు మా ఆయన.

"అత్త ఉంది కదా."

"అమ్మకు ఆ నీళ్ళ సంగతి ఏం తెలుసు?"

అయినా నేను సంచి సర్దుకున్నాను. అత్తకు గీత చూపించాను, చెంబు చూపించాను.

మరునాడు ఆయుధ పూజ. అది ముగిశాక సాయంత్రం బస్సుకు నా ప్రయాణం. ఫ్యాక్టరీలో పూజ అని ఆయన పొద్దున్నే వెళ్ళిపోయాడు. నేను వంటింట్లో ఉంటే అత్త మిక్సీకి, కుట్టుమిషన్‌కి, బండికి పసుపు కుంకుమ పెడుతోంది. మధ్యాహ్నం నడుం వాల్చబోతే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నట్టు తోచింది. తొట్టి నీళ్ళకు గాలి కొట్టే మోటరు గరగర ఎప్పుడూ వినిపించేది, ఇప్పుడు లేదు. వెళ్ళి చూస్తే చేప నీటి పైకి తేలి నోరు తెరుస్తోంది, మూస్తోంది. తొట్టి మోటరు స్విచ్‌కు పెద్ద కుంకుమ బొట్టు.

"ఏందత్తా ఇది?"

"ఈ పొద్దు మిషన్లకంతా రెస్టు కదమ్మా. ఇదేం పాపం చేసింది? రాత్రీ పగలూ తిరగతానే ఉంది. రేపు వేద్దాంలే."

ఫ్రిజ్‌కు బొట్టు పెట్టింది గానీ ఆపలేదు, పాలు విరిగిపోతాయని.

స్విచ్ మీద వేలు పెట్టి ఆగిపోయాను. దాచను. వెయ్యకపోతే చాలు, సాయంత్రానికి నాకు విడుదల అనుకున్నాను. నేను చంపినట్టు కాదు, ఎవరూ నన్ను అనరు. నత్తలు లేవు, గీత లేదు, బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. అంతలో అది నన్ను గుర్తుపట్టింది. ఉన్న కాస్త ఓపికతో ఈదుకుంటూ, నేను రోజూ తిండి వేసే మూలకొచ్చి నా వైపు చూసింది. దాని కోరిక తిండి ఒక్కటే. నా మీద నాకే అసహ్యం వేసింది.

"పూజ చేసింది ముట్టకూడదమ్మా!" అని అత్త అరుస్తుండగానే స్విచ్ వేశాను.

సాయంత్రం ఆయన వచ్చేసరికి చేప తేరుకుంది. అత్త జరిగిందంతా చెప్పింది. ఆయన మురిసిపోయాడు.

"చూసినావా, నువ్వు లేకుంటే ఇది ఒక్క దినం బతకదు."

మెచ్చుకోలుగానే అన్నాడు. నేను సంచిలోని పట్టుచీర తీసి మళ్ళీ బీరువాలో పెట్టాను. మర్నాడు చెవులు కుట్టడం ఫోన్లో చూశాను. అక్కడ పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇక్కడ చేప అద్దానికి మూతి ఆనించి నన్ను పిలుస్తోంది. ఫోన్ పక్కన పెట్టి నత్తలు తేవడానికి లేచాను.