కీబోర్డుకు పూసిన గంధం

తుడియలూరులో నడుస్తున్న పంపుల వర్క్‌షాపును ఒక్క గంధం బొట్టుతో ఆపేసిన మహాతల్లిని నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. చివరికి గెలిచేదీ నేనే.

కాలేజీలో కంప్యూటరు చదివానని, పెదనాయన తన వర్క్‌షాపులో బిల్లులు కొట్టే యూనిక్స్ కంప్యూటరును నాకప్పగించాడు. ఆయుధపూజకు లేతు మిషన్లకూ స్పానర్లకూ గంధం పెట్టి, దాని తెరా కీబోర్డూ ఉన్న నా టెర్మినల్‌ను వదిలేస్తారా? "ఇదీ ఆయుధమే!" అని అందరితో వాదించి, కీబోర్డును పెళ్లికూతుర్ని చేసినట్టు చేశాను.

మర్నాడు తేని ఊరికి పోవలసిన పంపుల లోడు లారీకెక్కింది. బిల్లు కొడదామంటే తెర బండరాయి. ఏ అక్షరం నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏమి అమ్మిణీ, బిల్లు?"

"లైనులో తప్పుంది పెదనాయనా."

"సరి సరి. పొద్దుగూకేలోగా రాకుంటే ఈ డబ్బా గోడౌనుకు, నువ్వు ఇంటికి. నా పాత బిల్లుబుక్కు ఒకనాడైనా మొరాయించిందా?"

ఉద్యోగం పోతే పోనీ, బిల్లుబుక్కు చేతిలో ఓడిపోవడమా! ఎలక్ట్రీషియన్ పళని మీద పడ్డాను.

"నీ కేబులే సరిలేదు!"

"పూజదాకా బాగుండె కదక్కా?"

"నాకే చెప్పొస్తావా? విప్పు!"

విప్పాం. తీగలు మార్చాం, లైను స్పీడు మార్చాం, మళ్లీ పాతట్టే పెట్టాం. ఎటూ కనబడవు కదా అని నాకొచ్చిన తిట్లన్నీ టైపు చేశాను. చివరికి కీబోర్డును ఎత్తి బల్లకేసి కొట్టబోతే, పడుకున్న గేదెలా ఒక మీట మాత్రం కిందికి దిగబడి ఉంది. తెరమీద అక్షరాలను నిలిపేసే మీట! గంధం పెడుతూ నా వేలే నొక్కింది. ఎండిన గంధం సిమెంటులా పట్టేసింది.

జడలోని హెయిర్‌పిన్నుతో గంధం గీకి, మీటను పైకి లేపి, మరోసారి నొక్కాను. అంతే! నేను కొట్టినా తెరకెక్కకుండా ఆగినదంతా గేటెత్తిన కాలువలా దూకింది. నా ప్రతి తిట్టుకూ "ఈ కమాండు దొరకలేదు" అని ఎంత మర్యాదగా జవాబిచ్చిందో! గబగబా తెర తుడిపేసి బిల్లు కొట్టాను. లారీ హారన్ కొట్టుకుంటూ కదిలింది.

"సబాష్! జబ్బేంది?" అన్నాడు పెదనాయన.

"కమ్యూనికేషన్ ఫాల్టు," అన్నాను డాక్టరులా. అందులో అబద్ధమేముంది చెప్పండి?

ఆయన పొంగిపోయి లోపలికి పోయాడు. గంధం గిన్నెతో తిరిగొచ్చాడు.

"దిష్టి తగిలుంటుంది అమ్మిణీ. ఈసారి మందంగా పూద్దాం."

"అయ్యో సామీ!" అని కీబోర్డు మీద అడ్డంగా పడ్డాను. గంధమంతా నా నెత్తిన పడింది.

సకల స్పానర్ల సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. నేటికీ మా ఆఫీసులో ఆయుధపూజ గంధం లాప్‌టాపు మూతలకే. మీటల జోలికొచ్చిన వేలు ఎవరిదైనా సరే, స్క్రూడ్రైవరుతో నేనే విప్పేస్తాను.