నాచారం నుంచి అంగ్‌కోర్ వాట్‌కు, ఎదురు ప్రదక్షిణం

కంబోడియా గుళ్ళు చూడాలన్న ఆలోచన నాది కాదు, మల్లేశానిది. నాచారంలో ఒక రంగుల ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేసేవాళ్ళం. అతను స్టోర్సు, నేను అకౌంట్లు. అతనిది జనగామ వైపు, నాది తెనాలి. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని క్యాంటీన్‌లో రోజూ పోట్లాడుకుని, సాయంత్రం ఒకే స్కూటర్ మీద ఇళ్ళకు పోయేవాళ్ళం. ఒక ఏడాది ఫ్యాక్టరీకి వచ్చిన క్యాలెండర్‌లో డిసెంబరు బొమ్మ అంగ్‌కోర్ వాట్. సంక్రాంతి దాటినా అతను ఆ క్యాలెండర్ దించనివ్వలేదు.

తర్వాత ఆదివారాలన్నీ అతని వరండాలోనే గడిచాయి. మా కాలనీవాళ్ళు డజను మంది జమయ్యారు. ఏ గుడి ముందు, ఎవరికి మోకాళ్ళ నొప్పులు, కందిపొడి ఎవరు మోయాలి, అన్నీ అక్కడే తేలాయి. మోకాళ్ళ వల్ల మా ఆవిడ తప్పుకుంది. మల్లేశం పెట్టిన షరతు ఒకటే. "గైడు ఎట్ల దిప్పితే గట్ల తిరగాలె. ఆడికి వోయి మన పెత్తనం జెయ్యొద్దు." అందరూ తలూపారు. ఊపడానికేం, తలలేగా.

టిక్కెట్లు కొన్నాక, ప్రయాణం ఇంకా రెండు నెలలుందనగా, మల్లేశం గుండె ఆగి చనిపోయాడు.

దినాలు అయ్యాక అతని భార్య సుగుణమ్మ నన్ను పిలిపించి, ఆయన చూడాలనుకున్నది తాను చూసి వస్తానంది. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఇంట్లో మనిషి పోయిన ఏడాదిలో గుడి మెట్లెక్కకూడదని మన పట్టింపు. కాబట్టి అంగ్‌కోర్ వాట్ గుడా కాదా అన్నది ముందు తేలాలి. మా గుంపులో పెద్దవారైన మాస్టారు, రిటైరైన తెలుగు పంతులు, విష్ణువుకు కట్టింది గుడే అవుతుందన్నారు. నేను సుగుణమ్మను తీసుకుని ఉప్పల్‌లో పురోహితుడి దగ్గరికి వెళ్ళాను. అక్కడ విష్ణువుకు నిత్యపూజ ఉందా, నైవేద్యం ఉందా అని ఆయన అడిగారు. లేవట, బౌద్ధ భిక్షువులు ఉంటారట అన్నాను. అయితే అది గుడి కాదు, కట్టడం, చార్మినార్ చూసినట్టు చూసి రండి అన్నారు.

సుగుణమ్మ కుదుటపడింది. మిగతావాళ్ళ మొహాలు మాడిపోయాయి. గుడి కానిదానికి ఇంత ఖర్చు దేనికని మాస్టారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి ఆమెకు మాత్రం కట్టడం, మాకు గుడి అన్న ఒప్పందం మీద సామాన్లు సర్దుకున్నాం.

జనవరిలో తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంటల మధ్య ఉప్పల్ రింగురోడ్డు దాటడానికే అరగంట పట్టింది. శంషాబాద్‌లో విమానం ఎక్కి బ్యాంకాక్‌లో దిగి, ఆ రాత్రి అక్కడే ఉన్నాం. మర్నాడు ఏడింటి బస్సు. పక్క వరుసలో కూర్చున్న కలకత్తా ఆయన తీర్థయాత్రా, విహారమా అని హిందీలో అడిగాడు. మాస్టారు తీర్థం అన్నారు. సుగుణమ్మ ఊరికే తిరగడానికి అంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. మధ్యాహ్నానికి సరిహద్దు ఊరు పోయిపేట్. పేరు చూస్తే సూర్యాపేట పక్కనే ఉన్నట్టుంటుంది గాని, వీసా ముద్రకు రెండు గంటలు నిలబడాలి. వెళ్ళేవాళ్ళు ఫొటోలు, డాలర్లు చేతిలో ఉంచుకోండి. చీకటి పడేలోగా గుళ్ళ పక్క ఊరు సియెం రీప్ చేరాం. హోటల్లో అన్నం దొరుకుతుంది, పెరుగు దొరకదు.

మర్నాడు సూర్యోదయానికే అంగ్‌కోర్ వాట్ ముందున్నాం. మా గైడు సోఫల్ నెమ్మదస్తుడు, ఇంగ్లీషు కూడా నెమ్మదిగా మాట్లాడేవాడు. పడమటి ద్వారంలోంచి లోపలికి రాగానే కుడివైపు నడవమన్నాడు. కుడికి తిరిగితే గర్భగుడి మన ఎడమ చేతికి వస్తుంది. మాస్టారు కర్ర నేలకు ఆన్చి నావైపు తిరిగారు.

"అప్రదక్షిణం చేయించడానికా రావుగారూ, ఇంత దూరం తీసుకొచ్చారు?"

ఈ గోడల మీద బొమ్మల వరుసే అటు నుంచి మొదలవుతుందని సోఫల్ చెప్పాడు. ఇది పడమటి ముఖం కట్టడం, పోయిన రాజు కోసం కట్టిందని కొందరు పెద్దలు అంటారు, అందుకే పోయినవాళ్ళకు తిరిగినట్టు తిరగాలి అన్నాడు. నేను తెలుగు చేసి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. గుంపంతా ఒక్కసారిగా ఎడమకు తిరిగింది.

సుగుణమ్మ కదల్లేదు. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఆయన పోయిననాడు ఆడోళ్ళు రావొద్దని నన్ను గేటు కాడనే ఆపిన్రు అన్న. గీడన్న ఆయన ఎంబడి నడుస్త."

కొంగు తల మీదికి లాక్కుని, సోఫల్ వెనక కుడికి వెళ్ళిపోయింది. టిక్కెట్లన్నీ నా దగ్గరున్నాయి కాబట్టి నేను గుంపుతో ఎడమకు నడిచాను. మాకు ముందు లంకాయుద్ధం వచ్చింది. హనుమంతుడి భుజాల మీద రాముడు, ఎదురుగా పది తలల రావణుడు. రామాయణం ముందు, భారతం తర్వాత, మన వరుసే సరైనదని మాస్టారు సంతోషించారు. తర్వాత అన్నీ యుద్ధాలే. ఎవరు ఎవర్ని కొడుతున్నారో చెప్పడానికి మాకు గైడు లేడు.

తూర్పు గోడకు క్షీరసాగర మథనం. దేవతలు, రాక్షసులు వాసుకిని అటూ ఇటూ లాగుతున్నారు. అక్కడ ఎదురుగా సుగుణమ్మ వచ్చింది. ఆమె దాటి వచ్చింది యముడి గోడ. దున్నపోతు మీద యముడు, కింద వరుసలో నరకం, పై వరుసలో స్వర్గం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని, మొహం తేటగా ఉంది.

"నరకం మొత్తం సూసిన అన్న. ఆయన లేడు," అంది.

నాకు మల్లేశం మీద బెంగ అప్పుడు వచ్చింది. చచ్చిపోయిన రోజున కూడా అంత రాలేదు. టిక్కెట్లు మాస్టారు చేతిలో పెట్టి, సుగుణమ్మ వెంట వెనక్కి తిరిగాను. సగం అటు, సగం ఇటు. లెక్కల మనిషిగా చెప్పాలంటే నా ప్రదక్షిణం సున్నా. యుద్ధాల్లో ఎవరెవరో మాత్రం సోఫల్ నోట ఈసారి తెలిసింది. గుంపు యముడి గోడను చాలా వేగంగా దాటిందని తర్వాత విన్నాను.

మిగతా గుళ్ళు చెట్ల వేళ్ళు కమ్మినవి, రాతి మొహాలు నవ్వేవి. అన్నీ గైడు చెప్పినట్టే తిరిగాం. ఎవరూ పేచీ పెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో పొద్దున్నే దిగాం. ఉప్పల్‌లో గుంటలు అలాగే ఉన్నాయి. ముందు సుగుణమ్మ ఇంటి దగ్గర ఆగాం. గేటు పక్కన నల్లా ఉంది. మల్లేశాన్ని సాగనంపి వచ్చిన రోజు మగవాళ్ళమంతా కాళ్ళు కడుక్కున్నది అక్కడే. ఆ రోజు ఆమె లోపలే ఉండిపోయింది. ఇప్పుడు సంచి కింద పెట్టి, చీర కాస్త పైకి పట్టుకుని, తొందరేమీ లేకుండా రెండు కాళ్ళూ కడుక్కుంది. మావైపు చూసి తలూపి లోపలికి వెళ్ళింది.

నేను మా వాకిట్లో దిగి బకెట్టు తెమ్మన్నాను. మా ఆవిడ విస్తుపోయింది. గుడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటారా ఎవరైనా, పుణ్యమంతా పోదూ అంది.

"అది గుడి కాదని ఉప్పల్ పంతులుగారు ముందే చెప్పారుగా," అని నీళ్ళు పోసుకున్నాను.