కాకి పెట్టిన నామం

మీ వీధి మలుపులో నిలబడ్డ విగ్రహం పీఠం మీద ఏం రాసి ఉందో, లేచి వెళ్ళి చూడకుండా చెప్పగలరా? రోజూ దాని పక్కనే బండి ఆపుతారు. దాన్ని చుట్టి వెళ్ళి పాలు తెచ్చుకుంటారు. చుట్టాలకు ఫోనులో "విగ్రహం కాడ దిగండి" అని దారి చెబుతారు. ఎవరి విగ్రహం అని వాళ్ళు అడిగితే మాత్రం, "ఎవురో పెద్దమనిషిలే, నువ్వు దిగు" అంటారు.

తిరుపతిలో మా పేటకు విగ్రహాల కొదవ లేదు. కూడలిలో ఒక నాయకుడు చూపుడు వేలు చాచి నిలబడి ఉంటాడు. నిలబెట్టిన రోజున ఆ వేలు కాలేజీ వైపు చూపించేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన్ను పెకలించి, పని అయ్యాక మళ్ళీ నిలబెట్టేటప్పుడు కొంచెం తిప్పి పెట్టారు. ఇప్పుడు ఆ వేలు నేరుగా బ్రాందీ షాపును చూపిస్తుంది. నాయకుడి మాట జనం తూచా తప్పకుండా పాటించడం మా పేటలో అదే మొదలు.

ఆయనకు నాలుగు అడుగుల దూరంలో ఇంకొకాయన ఉన్నాడు. ఆయన ముఖం మేమింతవరకు చూడలేదు. తల నుంచి కాళ్ళ దాకా బట్ట చుట్టి తాడుతో కట్టేశారు. ఆవిష్కరించాల్సిన పెద్దలకు తీరిక దొరకడం లేదట. ఎండకు బట్ట చివికిపోతే అనుచరులు వచ్చి కొత్తది చుట్టి పోతారు. బడి పిల్లలు ఆయనకు మూటాయన అని పేరు పెట్టారు. ఇక పార్కు గేటు దగ్గర నోరు తెరుచుకుని సిమెంటు కుందేలు కూర్చుని ఉంటుంది. అది చెత్తబుట్ట. దాని పొట్ట మీద "నన్ను వాడండి" అని రాసి ఉంటుంది. మూటాయనకు ఆ మాత్రం రాత కూడా లేదు.

ఆ పార్కులోనే మా అయ్యవారి విగ్రహం ఉంది. నడుము వరకే నల్లరాయి. వెనక కానుగ చెట్టు, ఆ వెనక ఒక రేకుల గది. ఆయన మాకు మున్సిపల్ బడిలో లెక్కలు చెప్పాడు. రిటైరయ్యాక ఆ గది అడిగి తీసుకుని, పది కుర్చీలు, ఒక పొడవాటి బల్ల వేసి, పేపర్లు, పరీక్షల పుస్తకాలు పెట్టాడు. కానిస్టేబులు పరీక్షకో టీచరు పరీక్షకో చదివేవాళ్ళకు, ముఖ్యంగా ఇంట్లో చదువుకునే చోటు లేని ఆడపిల్లలకు, ఆ గదే ఇల్లు. ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "సూసినావా, ఇన్నావా?" విన్నానంటే, "అయితే పోయి సూసిరా పో" అనేవాడు. నేను హేతువాదినయ్యానంటే ఆ నాలుగు మాటల పుణ్యమే. పుణ్యం అన్నందుకు ఆయన ఉంటే చెవి మెలిపెట్టేవాడు.

ఆయన పోయాక పాత విద్యార్థులం చందా వేసుకుని విగ్రహం చేయించాం. పాకాల నుంచి ఒకడు, సూళ్ళూరుపేట నుంచి ఒకడు, ఇలా తలా ఒక ఊరి నుంచి వచ్చి గదిలో కూర్చున్నాం. పీఠం మీద ఏం రాయాలన్నది ప్రశ్న. అయ్యవారి కూతురు, వడమాలపేట బడిలో టీచరు, ముందే చెప్పింది.

"పేరు రాయండన్నా. ఇంటిపేరుతో సహా. లెక్కల అయ్యోరు అని కూడా."

నేను లేచాను. చర్చావేదికల మీద పెరిగిన వాణ్ణి కదా, లేస్తే కూర్చోవడం తెలియదు. పేరు రాస్తే ఇంటిపేరు రాయాలి, ఇంటిపేరు రాస్తే చదివినవాడు కులం లెక్క కడతాడు, మహానుభావుణ్ణి ఆ గాటన కట్టడం మనకు తగునా అని అడిగాను. మన సీమలో చదువు చెప్పినవాణ్ణి ఏమంటాం? అయ్యవారు అంటాం. అంతకంటే గొప్ప బిరుదు ఉందా? "మా అయ్యవారు" అని రెండే రెండు మాటలు చెక్కిద్దాం అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు.

"నాయనకు పేరు ఉండాదన్నా," అంది, అంతే.

ఆమె ప్రతి ఆదివారం బస్సులో వచ్చి గది ఊడ్చి, పుస్తకాలు సర్ది పోయేది. మిగతా రోజుల్లో తాళం చెవి గేటు దగ్గర పూలమ్మే ఆమె దగ్గర ఉండేది. ఏళ్ళు ఇలా నడిచాయి. ఈలోగా పేట మారిపోయింది. పాత ఇళ్ళ స్థానంలో అపార్టుమెంట్లు లేచాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా గుడి కొలువుల్లో, ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన వాళ్ళు. మంచివాళ్ళే. అయ్యవారిని ఎరిగినవాళ్ళు కారు.

పోయిన వేసవిలో అయ్యవారి కూతురు కాలు విరిగి మూడు నెలలు మంచం దిగలేదు. ఆ మూడు నెలల్లోనే కథంతా జరిగింది.

కానుగ కొమ్మ మీద కాపురముండే కాకి ఒకటి రోజూ అయ్యవారి నెత్తిన కూర్చునేది. దాని ప్రతిభ ఆయన నుదుటి మీద రెండు తెల్లని చారలుగా కిందికి దిగింది. సమానంగా, నిలువుగా, కొలిచి గీసినట్టు. ఒకరోజు ఆ రెండింటి మధ్య ఎర్రని గీత కూడా కనబడింది. రెండు తెల్ల గీతలు కాకివి. ఎర్ర గీత మనిషిది. పక్షి సగంలో వదిలేసిన పని పూర్తి చేయగలగడమే మానవుడి ప్రత్యేకత.

అపార్టుమెంట్ల కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది: "పార్కులో స్వయంగా వెలసిన తిరునామం." మర్నాటికి దండ, మూడోనాటికి కొబ్బరికాయ. వారం తిరక్కుండానే సిద్ధాంత చర్చ మొదలైంది. నామానికి ముక్కు మీదికి దిగే పాదం ఉన్నట్టా, లేనట్టా? పాదం ఉంటే వైష్ణవంలో ఒక శాఖ, లేకపోతే ఇంకొక శాఖ. కాలనీ రెండుగా చీలింది. కాకి ఏ సంప్రదాయానికి చెందిందో తేలక నెల రోజులు పొద్దుటి నడకలు సాగలేదు. ఒక వాన కురిసి ముక్కు మీద కొంత కరిగేసరికి పాదం లేదనేవాళ్ళు గెలిచారు. కాకి మళ్ళీ వచ్చి కూర్చునేసరికి ఓడారు.

నా ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. దండలు, కాయలు, కొట్లాటలు అన్నీ చూశాను. చూసి ఏం చేశాను? వ్యాసం రాశాను. "విహంగ విసర్జనం, విశ్వాస సర్జనం" అని శీర్షిక పెట్టి, కింద నా ఇంటిపేరుతో సహా నిండుగా నా పేరు వేసుకుని పత్రికకు పంపాను. అచ్చయింది. ఎరిగినవాళ్ళు ఫోను చేసి బాగుందన్నారు. కాకి చదవలేదు.

ఆమె కాలు బాగై, మొదటి ఆదివారం వచ్చింది. పార్కు నుంచే నాకు ఫోను.

"అన్నా, నాయన గదికి వేరే బీగం ఏసినారన్నా! కిటికీలోంచి సూస్తే బల్ల మీద చింతపండు, బియ్యం మూటలు. పుస్తకాలు మూల్లో కుప్ప పోసినారు. పిల్లోల్లు చెట్టు కింద కూర్చుని చదువుతా ఉండారు."

పరుగెత్తాను. శనివారం ప్రసాదాలకు వంటగది కావలసి వచ్చిందట. పులిహోర వండాలంటే చోటు ఉండాలి కదా. వచ్చే శనివారం గది గోడ పడగొట్టి, విగ్రహం మీదికి వచ్చేట్టు మండపం కడతారట. కాలనీ కమిటీ ప్రెసిడెంటు అక్కడే ఉన్నాడు. ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన పెద్దమనిషి. నేను గొంతు సవరించుకుని పావుగంట మాట్లాడాను. ఆయన ఓపికగా విన్నాడు.

"అంతా బాగుండాది సార్," అన్నాడు. "పీఠం మీద ఏం రాసుండాదో ఒకతూరి సదవండి."

"మా అయ్యవారు."

"కొండ మీద ఉండే ఆయన్ని మా ఇండ్లల్లో ఏమని పిలుస్తాము? అయ్యవారు అనే కదా. ఆయమ్మ అమ్మవారు, ఈయన అయ్యవారు. రాసింది ఎవురో గానీ, బలే మాట రాసినాడు. రాతే ఆధారం సార్. మేం గాలిలో మాట్లాడతామా?"

జీవితమంతా ఆధారం ఏదని ఊరి మీద పడి అడిగినవాణ్ణి. ఆధారం నేనే రాయి మీద చెక్కించి ఇచ్చాను. నామం పెట్టడమంటే తెలుగువాడికి మోసం చేయడం కూడా. అయ్యవారికి మొదటి నామం పెట్టింది కాకి కాదని ఆ నిమిషాన నాకు తెలిసింది. పైగా ప్రెసిడెంటు దొన్నెలో పులిహోర పెట్టించి నా చేతికి ఇచ్చాడు. తిన్నాను. బాగుంది. అదొక అవమానం.

ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, ఇదంతా మీరు సూసినారా, ఇన్నారా?"

"సూసినానమ్మా."

"సూసి?"

"రాసినా."

"ఇంట్లో గుడ్డ లేదా అన్నా?" అంది.

తరువాతి శుక్రవారం పొద్దున్నే ఆమె బడికి సెలవు పెట్టి వచ్చింది. చేతిలో బకెట్టు, కొబ్బరి పీచు, సబ్బు ముక్క. వెంట ఉలి, సుత్తితో రాతి పనివాడు. నడకకు వచ్చినవాళ్ళు చూస్తుండగానే అయ్యవారి నుదురు రుద్దడం మొదలుపెట్టింది.

"అపచారం! అపచారం!" అని ఎవరో అరిచారు. ప్రెసిడెంటు పరుగున వచ్చాడు. "ఏందమ్మా ఇది? సామి ముఖం మీద సబ్బా?"

"మా నాయన ముఖం మేం కడుగుతా ఉండాం. మీ నాయన ముఖం మీద కాకి రెట్ట ఏస్తే మీరేం చేస్తారప్పా, కాయ కొడతారా?"

"రెట్టా? ఎవురు చెప్పినారు రెట్ట అని?"

గేటు దగ్గర నుంచి పూలమ్మే ఆమె లేచింది. "నేను చెప్తా ఉండా. మొదుటి దినం నుంచి సూస్తానే ఉండా. ఆ కాకికి నేనే మెతుకులు ఏసేది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"నన్ను ఎవురు అడిగినారు సామీ? పూలు మూర ఎంత అనే అడిగినారు. దానికి జవాబు చెప్పినా." అని ఆగి, అయ్యవారి కూతురి వైపు తిరిగింది. "అక్కా, నామం పోతే నా యాపారం కూడా పోతుంది. సదువుకునే పిల్లోల్లు పూలు కొంటారా?"

"పూలు కొనరు. టీ తాగతారు."

పూలామె ఆలోచించింది. "ఫ్లాస్కు ఉండాది ఇంట్లో," అంది.

ఈలోగా రాతి పనివాడు పీఠం ముందు కూర్చుని చెక్కుతూనే ఉన్నాడు. "మా అయ్యవారు" అన్న మాటల కింద మొదట ఇంటిపేరు, తరువాత పేరు, దాని కింద లెక్కల టీచరు అని. ఉలి చప్పుడుకు జనం మూగారు. ఇంటిపేరు పూర్తయ్యేసరికి ప్రెసిడెంటు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. పక్కాయన వైపు చూశాడు. పక్కాయన తన పక్కాయన వైపు చూశాడు. నిన్నటి దాకా పాదం మీద కొట్లాడుకున్న రెండు వర్గాలూ ఒక్క మాట లేకుండా ఏకమయ్యాయి. ఒకాయన చేతిలోని కొబ్బరికాయ మెల్లగా సంచిలోకి వెళ్ళింది.

"మాకేం లేదమ్మా," అన్నాడు ప్రెసిడెంటు. "అందరూ మనుషులే. అయితే ముందే చెప్పుంటే..."

"ముందే చెప్పుంటే?" అని అడిగింది ఆమె, పీచు బకెట్టులో ముంచుతూ.

మధ్యాహ్నానికల్లా బియ్యం మూటలు, చింతపండు, గంగాళాలు గదిలోంచి పోయాయి. కొత్త తాళం చెవి పూలామె బుట్టలో పడేసి పోయారు. మండపం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పావుగంట ఉపన్యాసానికి కదలని కమిటీ ఇంటిపేరుకు ఖాళీ చేసింది. కాకి ఆయన్ను దేవుణ్ణి చేస్తే అభ్యంతరం లేదు. ఆయన ఏ వీధిలో పుట్టాడో తెలిస్తే మాత్రం ఆ దేవుడికి పులిహోర దండగ.

గెలిచామని నేను సంబరపడబోయాను. ఆమె సంబరపడలేదు. పుస్తకాలు దులుపుతూ అంది: "నాయన బతికి ఉన్నన్నాళ్ళు ఆ పేరు చూసే కొందరు వాళ్ళ పిల్లోల్లను ఆయన క్లాసు నుంచి మార్పించుకున్నారన్నా. ఆ పేరుతోనే ఆయన నిలబడినాడు. మీరు దాన్ని దాచిపెట్టి గొప్ప చేద్దామనుకున్నారు."

కులం కనబడకూడదని నేను పేరు దాచాను. కులం ఎక్కడికీ పోలేదు. మనిషే పోయాడు. నా వ్యాసం కింద మాత్రం నా ఇంటిపేరు నిక్షేపంగా ఉంది. దాన్ని చూసి ఎవరూ కొబ్బరికాయ సంచిలో దాచుకోరు కాబట్టి, ఇన్నేళ్ళలో దాన్ని దాచాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

గది ఇప్పుడు రోజూ తెరిచే ఉంటుంది. బల్ల మీద పసుపు మరక ఒకటి పోలేదు. పూలామె టీ అమ్ముతోంది. కాకి తన పని మానలేదు. పది రోజులకొకసారి నేను తడిగుడ్డ తీసుకుని వెళ్తున్నాను.

అయ్యవారి పేరు ఇక్కడ కూడా రాయలేదేమని అడుగుతారా? ఈసారి దాచడానికి కాదు. నేను రాస్తే మీరు విన్నవాళ్ళవుతారు, చూసినవాళ్ళు కారు. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. గుడ్డ తడుపుకోండి. మీ వీధి మలుపులో నిలబడ్డ మనిషి ముఖం తుడిచి, పీఠం మీద పేరు పైకి చదవండి. పేరు లేకపోతే ఎవరు చెరిపారో అడిగి, తిరిగి చెక్కించండి. చదివాక మీ చేతిలోని కొబ్బరికాయ ఎటు పోతోందో కూడా చూసుకోండి.